మణికట్టుకు సరిపోయే కాయిల్

నా కుడి మణికట్టు చుట్టుకొలత పదహారు సెంటీమీటర్లు. వాపున్న రోజుల్లో పదిహేడు. రోజూ పొద్దున టీ తాగకముందే బట్టలు కుట్టే టేపుతో కొలిచి, ఆ అంకెను గోడ మీది కేలెండరులో ఆనాటి గడిలో రాసేదాన్ని. ఎడమచేత్తో రాయడం వల్ల నేను వేసిన ఏడు ఒకటిలాగా, ఒకటి ఏడులాగా కనబడేవి. చంద్రపూర్‌లో మరాఠీ బడిలో లెక్కలూ సైన్సూ చెప్పి, ఉద్యోగమంతా పిల్లల అంకెల వంకరలు దిద్దిన మనిషిని. నా అంకె నాకే అర్థం కాకపోతే ఎంత చిరాకో చెప్పలేను.

వానాకాలంలో ట్యాంకు పొంగి తడిసిన మెట్టు మీద కాలు జారి, కుడి అరచేయి ఆనించి పడ్డాను. ఎముక విరగలేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. కానీ చిటికెన వేలు వైపున, మణికట్టు పక్కన, ఒకే ఒక్క చోట నొప్పి నిలిచిపోయింది. కుళాయి తిప్పితే నొప్పి. సీసా మూత తీస్తే నొప్పి. అన్నిటికన్నా ఘోరం, కేరంబోర్డు మీద స్ట్రైకర్ కొడితే ప్రాణం పోయినంత పని.

కేరమ్స్ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా అమ్మాయి అత్తగారూ నేనూ ఒక జంట. ఆమెది విరూర్ దగ్గరి వ్యవసాయ కుటుంబం. నన్ను వదినె అంటుంది, నేనూ వదినె అంటాను. పిల్లల పెళ్లి మాటలకు వచ్చిన రోజున మా ఇంట్లో బోర్డు చూసి, కట్నకానుకల సంగతి వదిలేసి నాతో ఆటకు కూర్చున్న మనిషి. అప్పటినుంచి వారానికోసారి రైలెక్కి వచ్చేస్తుంది. మా కాలనీ క్లబ్బులో ఎండాకాలం ఆడవాళ్ల జంటల పోటీ జరుగుతుంది. రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడాం. గురి నాది, అవతలి జంటను మాటలతో తికమక పెట్టడం ఆమెది. ఈసారి గెలవాలని ఇద్దరం పట్టుబట్టి ఉండగా నా చేయి ఇట్లా అయింది.

దసరా అయ్యాక కూడా నొప్పి తగ్గకపోతే, వదినె ఊరి నుంచి జాజు తెచ్చింది. జాజంటే గోడల అంచులకూ అరుగులకూ పూసే ఎర్రమట్టి. దాన్ని సాన మీద అరగదీసి, గోరువెచ్చని నీళ్లతో ముద్ద చేసి, తను మా ఇంట్లో ఉన్న రాత్రుల్లో పడుకునే ముందు మణికట్టుకు పట్టు వేసేది. వాళ్ల ఊళ్లో బెణికితే ఇదే వైద్యం. చల్లగా, హాయిగా ఉండేది. పొద్దున కడిగేసుకునేదాన్ని. చర్మం మడతల్లో కొంచెం ఎరుపు మిగిలిపోయేది. పసుపు రాసుకుంటే పసుపు మిగలదా? పట్టించుకోలేదు.

దీపావళి దాటాక డాక్టరు ఎమ్మారై తీయించమన్నాడు. మొదటిసారి తీసిన చోట నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, చేయి పక్కనే ఉంచి, దాని మీద మడత పెట్టిన దుప్పటంత పరికరమొకటి కప్పి బెల్టు బిగించారు. అదేమిటని అడిగితే కాయిల్ అన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఫిల్మ్ చూస్తే నా చేయిని నేనే గుర్తుపట్టలేకపోయాను. చలికాలం పొద్దున్నే మంచూ పవర్‌హౌస్ పొగా కలిసినప్పుడు మా వీధి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

డాక్టరు ఫిల్మును లైటు మీద పెట్టి చాలాసేపు చూశాడు. చిటికెన వేలు వైపున ఒక నల్లమచ్చ చూపించాడు. అక్కడ రెండెముకలను పట్టి ఉంచే చిన్న మెత్తటి ఎముక ఉంటుందనీ, అది తెగిందేమోననీ మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. తెగి ఉంటే ఆపరేషన్. ఈ వయసులో కోసి కట్టు కడితే మణికట్టు బిగుసుకుపోవచ్చు. రాత వస్తుందేమో కానీ ఆట రాదు. తెగి ఉండి కోయకపోతే ఇప్పుడున్న పట్టు కూడా మెల్లగా పోతుంది.

"తెగిందా లేదా?" అన్నాను. నాకు అవుననో కాదనో కావాలి.

"ఈ ఫోటోను నమ్మి నేను కత్తి పట్టలేను," అన్నాడు ఆయన. చీటీ మీద, తగిన కాయిల్ వాడి మళ్లీ తీయాలని రాసి, ఊళ్లోనే కొత్త మెషిన్ ఉన్న ఇంకో సెంటరుకు వెళ్లమన్నాడు.

ఆటోలో వదినె చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాయిలంటే ఏంది వదినె? మా బాయికాడి మోటర్ల కాలిపోతది, గదేనా?"

"అదే జాతి. తీగ చుట్ట."

"గది తిరిగేదానికి పనికొస్తది. నీ చేతికెందుకు?"

జవాబు నాకూ తెలియదు. విద్యుత్తు పారితే అయస్కాంతం పుడుతుందని ఎన్ని బ్యాచులకు చెప్పానో! అదే తీగ చుట్ట నా చేతి మీద కూర్చుని ఏం చేస్తుందో తెలియకుండా మళ్లీ ఆ మెషిన్ సొరంగంలోకి వెళ్లదలచుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం ఆ సెంటరుకు పోయాం. స్కాన్‌కు కాదు. కాయిల్ చూసుకోవడానికి.

అక్కడ మెషిన్ నడిపేది ఒక అమ్మాయి. పవర్‌హౌస్ క్వార్టర్లలో పుట్టిందట. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నన్ను ఆజీ అంది, మరాఠీలో నానమ్మను పిలిచినట్టు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని ఖాళీగా ఉన్న సమయం కావడంతో నా ప్రశ్నలకు విసుక్కోలేదు. పైగా సంబరపడింది.

"ఇన్నేళ్లల్ల కాయిల్ ఏదని అడిగిన పేషెంట్ మీరే ఆజీ! రాండ్రి, చూపిస్త."

మెషిన్ గది బయటి అల్మారా తెరిచింది. నాకు నగల దుకాణంలో కూడా అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తలకు పెట్టేది పంజరంలాగా ఉంది. భుజానిది పెద్ద కొబ్బరిచిప్ప. మోకాలిది రెండు ముక్కలుగా విడిపోయే నూనెడబ్బా. వాటి పక్కన గుడ్డలాగా వంగేవి రెండున్నాయి. పెద్దది నాకు మొదటిసారి కప్పినదాని లాంటిదే. చిన్నది బీపీ చూసేటప్పుడు దండచేతికి చుట్టే పట్టీ అంత. మణికట్టు కోసమే చేసిన కాయిల్ కూడా ఉంటుందట కానీ వాళ్ల దగ్గర లేదు. ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి.

"ఇవి ఏమీ పంపవా?" అన్నాను.

"పంపేది మెషిన్, ఆజీ. లోపల గోడల్ల ఉంటది. అది పిలుస్తది. మీ ఒంట్లె నీళ్లున్నయి గదా, అవి చిన్నగ జవాబిస్తయి. ఈ కాయిల్ వింటది. గంతే దీని పని."

వింటుంది! మోటారులో తిరిగేది ఇక్కడ చెవి అయింది. పదో తరగతి పిల్లకు మొదటిసారి లెక్క తేలినట్టు నా ఒళ్లు ఝల్లుమంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"అయితే ఎక్కువ చెవులున్నది ఏది?"

"మోకాలిది. దీంట్ల చిన్న చిన్న రింగులు చుట్టూ ఉన్నయి. ఈ చిన్న పట్టీల నాలుగే."

"అయితే మోకాలిదే పెట్టు," అన్నాను వెంటనే. నాలుగు చెవులకన్నా ఎక్కువ చెవులు మంచివి కావా?

వదినె ఇంకా ముందుకు పోయింది. "మోకాలిదెందుకు బిడ్డా? గా పెద్దది కప్పి భుజం కాన్నుంచి వేళ్ల దాక మొత్తం తియ్యి. నేను రైలెక్కి వచ్చిన, ఉత్త మణికట్టు తీయించుకొని పోతమా?"

ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. "పోయినసారి గట్లనే చేసినరేమో అమ్మమ్మా! పెద్దది కప్పితే ఒంట్లె గడబడంతా వినపడుతది. మనకు గావాల్సిన చిన్న మాట దాంట్ల కలిసిపోతది. మోకాలి డబ్బాల ఆజీ చెయ్యి పెడితే పీపల ఒక్క పల్లికాయ ఏసినట్టు. చుట్టూ ఖాళీ. చెవులు మస్తున్నయి గని అన్నీ దూరం."

దూరం అనగానే నా తరగతి గది కళ్లముందుకొచ్చింది. మా బడి బొగ్గు లారీలు పోయే రోడ్డు మీద ఉండేది. చివరి బెంచీలో ఒక పిల్ల ఎప్పుడూ గొణిగినట్టే జవాబు చెప్పేది. బల్ల దగ్గర నిలబడి ఎంత చెవి రిక్కించినా లారీలే వినిపించేవి. నేనే లేచి వెళ్లి ఆ పిల్ల మొహం దగ్గరికి వంగితే లారీలూ, మిగతా పిల్లలూ ఎక్కడికో పోయి, ఆ గొణుగుడు ఒక్కటే స్పష్టంగా వినబడేది. ఎప్పుడూ సరైన జవాబే.

"మరి చిన్నది ఎంత లోతు దాకా వింటుంది?"

"రింగు ఎంత పెద్దగుంటే దాంట్ల సగం లోతు దాక మంచిగ వింటది. అటెంక తగ్గుతది."

సంచిలోంచి టేపు తీశాను. పట్టీ మీద లోపలి రింగుల గుర్తులు గీసి ఉన్నాయి. ఒక్కోటి అడ్డంగా పది సెంటీమీటర్లకు దగ్గరగా ఉంది. సగం అయిదు. నా మణికట్టు చుట్టు పదహారు, మూడూ చిల్లరతో భాగిస్తే మందం అయిదు. గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే. పట్టీ రెండు వైపుల నుంచీ చుట్టుకుంటుంది. కాబట్టి ఏ వైపు నుంచీ రెండున్నరకు మించి లోతు పోనక్కర్లేదు. సరిపోయింది! మిగులు కూడా ఉంది! టేపు గాల్లో ఊపి, "ఇదే, ఇదే!" అని అరిచాను. బయట కూర్చున్న ఎవరో తొంగి చూశారు.

వదినె పట్టీని తన చేతికి చుట్టుకుని చూసింది. "గాజుల కొలత లెక్కనే గదా. పెద్దది మోచేతి దాక జారుతది. చిన్నది ఎక్కదు. నా చేతికైతే ఇది బిగుసు."

"నీది చేయి కాదు వదినె, రోకలి."

"ఈ రోకలే నిన్ను రెండుసార్లు ఫైనల్ దాక మోసింది, యాదికుంచుకో."

ఆ అమ్మాయి ఇంకో మెలిక చెప్పింది. సొరంగం సరిగ్గా నడిమధ్య ఉన్నదే బాగా వస్తుంది. చేయి ఒంటి పక్కన పెడితే అంచుకు పోతుంది. అందుకని బోర్లా పడుకుని, కుడిచేయి తలకు ముందుకు చాపి, కదలకుండా ఉండాలి. ముసలివాళ్లు చాలామంది ఉండలేరట. "మీరు ఉండగలుగుతరా ఆజీ?"

"వారం టైమివ్వు," అన్నాను.

ఆ వారమంతా మా ఇంట్లో రిహార్సల్. మంచం మీద బోర్లా పడుకుని చేయి ముందుకు చాపేదాన్ని. వదినె ఊరికి పోకుండా ఉండిపోయి కాపలా కాసింది. మొదటిరోజు కుక్కర్ ఒక్క విజిల్ వేసేసరికే మెడ పట్టేసింది.

"ఏంది వదినె, ఇరై డ్యామ్‌ల ఈత కొడుతున్నవా?"

"నవ్వించకు. కదిలితే చెడిపోతుంది."

"పప్పుకు మూడు విజిల్లు. కదిలినవో, అన్నం పెట్ట."

గడ్డం కింద చిన్న దిండు, భుజం కింద మడత పెట్టిన తువాలు పెడితే కుదిరింది. వారం చివర పప్పుకే కాదు, శనగలకు కూడా కదలకుండా ఉండగలిగాను. రాత్రిళ్లు వదినె జాజు పట్టు మామూలే.

స్కాన్ రోజు ఒంటి మీద లోహమన్నది లేకుండా తీసేశాను. కమ్మలు, గొలుసు, జాకెట్టు హుక్కులు, చీరకు పెట్టుకున్న పిన్నీసు. వెంట్రుకల్లోని రెండు పిన్నులు కూడా గుర్తు పెట్టుకుని తీసి వదినె చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి తన కాగితంలోనివన్నీ చదువుతుంటే ప్రతిదానికీ లేదు, లేదు అని గర్వంగా చెప్పాను. బోర్లా పడుకున్నాక చిన్న పట్టీని నా మణికట్టుకు చుట్టి, సందుల్లో స్పాంజి ముక్కలు కూరి, పక్కన ఇసుక సంచి ఆనించింది. గాజుల అతను చేయి నొక్కి చూసి ఎక్కించినట్టు, అంత కొలతగా అమరింది. బల్ల లోపలికి జరిగింది. పిండిమర మొదలైనట్టు చప్పుడు.

కాసేపటికే చప్పుడు ఆగిపోయింది. బల్ల బయటికొచ్చింది.

"ఆజీ, కదిలినరా?"

"వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

"కదల్లేదనే నాకు గూడా అనిపిస్తుంది." ఆమె గొంతులో వింత ధ్వని, భయం కాదు. "మీ పాత ఫోటోల నల్లమచ్చ ఉంది గదా. ఇప్పుడు గూడా ఉంది. గని ఇప్పుడు సాఫ్ కనపడుతుంది. అది లోపల్నించి లేదు. తోలు మీదినుంచి మొదలైతుంది. బయటినుంచి ఎవరో కొరికినట్టు."

పట్టీ విప్పి, నా చేతిని లైటు కిందికి తిప్పింది. వేలితో చర్మం మడత విడదీసింది.

"ఈ ఎర్రగ ఏంది? మెహందీయా?"

"కాదమ్మా, జాజు..."

అని నోరు మూయకముందే నాకు తట్టింది. మట్టి ఎర్రగా ఎందుకుంటుంది? ఇన్నేళ్లు పిల్లలను నిలబెట్టి అడిగిన ప్రశ్న. జవాబు: దానిలో ఇనుము తుప్పు ఉంటుంది కనుక. కమ్మలు తీశాను, పిన్నులు తీశాను, ఇనుమును మాత్రం చర్మంలోకి రుద్దుకుని అయస్కాంతంలోకి వచ్చాను! బోర్లా పడుకునే పకపకా నవ్వాను. బల్ల ఊగింది.

ఆ అమ్మాయి తలుపు తెరిచి వదినెను పిలిచింది. కాళ్ల కడియాలతో లోపలికి రాకూడదు కనుక వదినె గడప అవతలే నిలబడింది.

"అమ్మమ్మా, ఆజీ చేతికి జాజు పెట్టినరా?"

"పెట్టిన. ఏమైతది? ఇంటికి పూస్తం, అరుగుకు పూస్తం, ఎవలకేమైంది?"

"ఎప్పుడు పెట్టినరు?"

వదినె నా వైపు చూడలేదు. "రాత్రి పెట్టిన. పొద్దుగాల గూడ జర పెట్టిన. ఆమె నిద్రల ఉండె. మంచి ఫోటో రావాలె గదా అని."

మధ్యలో ఇంకొకరి స్కాన్ ముగిసేలోగా శుభ్రం చేసుకు రమ్మంది ఆ అమ్మాయి. సింకు దగ్గర వదినె నా చేయి పట్టుకుని, ముందు కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బు నురగతో, మెత్తటి బ్రష్షుతో ఒక్కో మడతా తోమింది. ఇత్తడి బిందెను తోమినంత శ్రద్ధగా తోముతూ గొణుగుతూనే ఉంది. "మా అమ్మ పెట్టింది, మా అత్త పెట్టింది. ఎవలూ ఈ మెషిన్ల పండలే. నాకేమెరుక?"

"నాకెరుకే వదినె. ఎరుకుండీ ఆలోచించలేదు."

"అయితే తప్పు నీదే," అంది చటుక్కున, తేలికపడి.

మళ్లీ అదే పట్టీ, అవే స్పాంజి ముక్కలు. ఈసారి చప్పుడు ఆగలేదు. మొదట సంబరంగానే ఉన్నాను. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. పై మచ్చ పోయింది సరే, దాని కింద నిజంగా తెగి ఉంటే? జాజు దాచినదేదో ఇప్పుడు బయటపడితే? కదలకూడదు. శనగలు ఉడుకుతున్నాయనుకున్నాను. విజిల్లు లెక్కపెట్టాను.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి మొహంలోకి చూశాను. "నేను చెప్పొద్దు ఆజీ, డాక్టరే చెప్పాలె," అంది. అని, స్క్రీన్‌ను నా వైపు తిప్పింది.

ఎంత స్పష్టంగా ఉంది! మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలని నల్లబల్ల మీద గీసేదాన్ని. అవి ఏటి ఒడ్డు గులకరాళ్లలాగా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి, నా సొంతవి! వాటి పక్కన, చిటికెన వేలు వైపు, సన్నటి నల్లటి త్రికోణం. డాక్టరు చెప్పిన మెత్తటి ఎముక అదే. ఇక్కడ నలుపు ఆరోగ్యమట. దాని ఒక కొస నుంచి రెండో కొస దాకా కళ్లతో నడిచాను. మళ్లీ నడిచాను. ఎక్కడా తెంపు కనబడలేదు. పైకి అనలేదు. కానీ గాజు అవతల నిలబడ్డ వదినెకు నా మొహం చాలు. చప్పట్లు కొట్టేసింది.

మర్నాడు డాక్టరు అదే మాట చెప్పాడు. తెగలేదు. దాని పక్కనుంచి పోయే, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి నరం వాచింది, చుట్టూ తెల్లగా కనబడేది ఆ వాపేనన్నాడు. కోత లేదు. మణికట్టు కదలకుండా ఒక పట్టా కట్టుకుని విశ్రాంతి ఇవ్వాలి, తర్వాత మెల్లగా కసరత్తు.

"ఎండాకాలానికి స్ట్రైకర్ కొట్టొచ్చా?" అన్నాను.

"వాపు దిగితే కొట్టండి. ఎర్రమట్టి మాత్రం రాయకండి," అన్నాడు నవ్వుతూ.

వదినెకు కోపం వచ్చింది. ఆటో ఎక్కేదాకా ఆపుకుని, ఎక్కాక అంది: "వాపు పదిహేడు నుంచి పదహారుకు దిగింది ఎవలతోని? జాజుతోని. నీ కేలెండర్ల నువ్వే రాసినవ్ గదా."

"పదహారైన రోజులు నువ్వు మీ ఊళ్లో ఉన్నావు వదినె."

"లెక్కలు చెప్పకు నాకు," అంది. ఆటోను ఇంటికి కాక క్లబ్బు వైపు తిప్పించి, పోటీకి మా జంట పేర్లు ఇచ్చి వచ్చింది.

ఆ సాయంత్రం మిగిలిన జాజును నీళ్లలో కలిపి నా గుమ్మం ముందు అరుగు అంచుకు పూసింది. అందంగానే ఉంది. నేను పట్టా కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్నాను. చేయి బాగయ్యేదాకా ఎడమచేతికి నేర్పుదామని. పౌడరు చల్లి, గురి చూసి, ఎడమ చూపుడువేలితో కొట్టాను. ఎర్ర కాయిన్ కదల్లేదు. స్ట్రైకర్ మాత్రం అటు గోడకు తగిలి, ఇటు గోడకు తగిలి, నిదానంగా పోయి మూల గుంటలో పడింది.

జాజు చేతులు తుడుచుకుంటూ వదినె గుమ్మంలోంచి చూసింది. "ఫౌల్. తియ్యి ఒకటి బయటికి. ఎండాకాలం దాక ఇట్లనే కొడుతవా ఏంది?"

"కొడతాను," అన్నాను. స్ట్రైకర్ తీసి మళ్లీ గీత మీద పెట్టాను.